పాశమైలారపు బాటలో గృహిణి వెదకు వస్తువులు

ఇంటిని తీర్చిదిద్దుకొను ముచ్చట గల స్త్రీకి ధనలోపముకన్న వస్తులోపమే యెక్కువ చిక్కు. దిండ్లలో కూరుటకు మెత్తని నూలుపీచు కావలెను. మేడమీద తులసికిని, కరివేపాకునకును తొట్లు కావలెను. పిల్లల పుస్తకములకు చెక్క అలమార కావలెను. బొమ్మలకొలువు మెట్లకు గట్టి అట్టలు కావలెను. నీరు రాని దినములకై నిలువచేయుటకు మూతగల పెద్దపాత్ర కావలెను. ఊరి యంగడిలో వీనిని గూర్చి యడిగినచో "అవి మా దగ్గర ఉండవమ్మా" యను మాటయే బదులు. నగరమున దొరకినను వెల హెచ్చు. ఒకటి కావలసినచోట పది కొనుమందురు.

కర్మాగారములున్న చోట ఈ చిక్కు కొంత తీరును. అచ్చట పనికి మిగిలినవి, పనికిరాక పారవేసినవి, సరకు దింపిన పిమ్మట ఖాళీయైనవి కుప్పలుగా తుక్కుకొట్లకు వచ్చుచుండును. వానిలో గృహిణికి ఉపకరించునవి పెక్కులు. ఇంటిలోనికి రాదగనివియు అంతకు తక్కువ గాక యున్నవి. రెండును ఒకే కొట్టులో, ఒకే కుప్పలో, ఒకే వెలకు దొరకుటయే ఇందలి యపాయము. సంగారెడ్డి జిల్లాలోని పాశమైలారపు బాటను ఉదాహరణముగా గైకొని, ఏది కొనదగినదో, ఏది తాకరానిదో సోదరీమణులకు విన్నవింప దలచితిని.

హైదరాబాదునుండి ముంబై వైపు పోవు 65వ జాతీయ రహదారిపై సుమారు 30 కిలోమీటర్లు సాగినచో పటాన్‌చెరువు వచ్చును. ఈ యూరు నిన్న మొన్న పుట్టినది కాదు. కల్యాణి చాళుక్యుల కాలమున పొట్టలకెరె యను పేర ప్రసిద్ధి కెక్కిన పట్టణమిదియే యని చరిత్రజ్ఞులు చెప్పుదురు. జైనశిల్పములు ఈ ప్రాంతమున లభించినవి. కన్నడమున కెరె యన్నను చెరువే. రాజ్యములు మారినను, భాష మారినను, ఊరిపేరిలోని చెరువు మాత్రము నిలిచినది. మెట్టపంటలను గూర్చి పరిశోధించు ఇక్రిశాట్ సంస్థ 1972లో ఇచ్చటనే నెలకొన్నది. ఇంచుమించుగ ఆ కాలముననే ఈ నేలపై పొగగొట్టములును లేవసాగినవి. 2016 అక్టోబరు 11వ తేదీని మెదకు జిల్లానుండి సంగారెడ్డి విడివడి వేరు జిల్లా యైనప్పుడు ఈ పారిశ్రామిక ప్రాంతమంతయు దానిలో చేరినది.

పటాన్‌చెరువు దాటి, ముత్తంగి దాటి, ఇస్నాపూరు కూడలియొద్ద రహదారిని వీడి ప్రక్కబాట పట్టినచో పాశమైలారము చేరుదుము. మైలారమను పేరు వినినంతనే మైలారదేవుడు, అనగా మన మల్లన్న, తలపునకు వచ్చును. నేడు ఆ బాటను పోవువానికి ముందుగా కానవచ్చునవి ఇనుపగేట్లు, ఎత్తైన గోడలు, వరుసలు దీరిన లారీలు. మందుల ముడిసరకు చేయునవి, ప్లాస్టిక్కు సామాను పోతపోయునవి, యంత్రభాగములు మలచునవి, ఇట్లు పలువిధముల కర్మాగారములిచ్చట గలవు. మరమగ్గముల జౌళిపరిశ్రమకై ప్రత్యేకముగా కేటాయించిన భాగమును కలదు. ఉదయమున పనివేళకు ఒడిస్సా, బీహారు, ఉత్తరప్రదేశములనుండి వచ్చిన పనివారు టిఫిను డబ్బాలతో గుంపులుగా నడచిపోవుదురు. ఆ గుంపులలో మన పల్లెటూళ్ళ స్త్రీలును ఉందురు. గాలి తిరిగిన దినమున ఒక వింతవాసన ముక్కుకు తగులును. ఆ వాసన మందులదో, రంగులదో కొత్తవారికి తెలియదు. తెలియని దానిని తెలియదని గుర్తుంచుకొనుటయే ఇచ్చట సామాను కొనువారికి మొదటి పాఠము.

బాట కిరువైపుల తుక్కుకొట్లు కలవు. రేకులతో కప్పిన పాకలో ఒక తూకపుయంత్రము, వెలుపల గుట్టలుగా సామాను. అంతియే వాని యలంకారము. ఒకవైపు మడిచి కట్టిన అట్టపెట్టెలు, ఒకవైపు సరకు క్రింద పరచిన చెక్కపీటలు, ఒకవైపు తీగ చుట్టి వచ్చిన చెక్కచక్రములు. వేరొకచోట నూలు చుట్టి వచ్చిన అట్టకోనులు, గుడ్డముక్కల మూటలు. అన్నిటికి ముందు, బాటసారి కంటబడునట్లు, నీలిరంగు ప్లాస్టిక్కు పీపాలు. వీనినే ఇచ్చటివారు డ్రమ్ములందురు. ఇరువది గజముల దూరమునుండియే అవి మనలను పిలుచుచుండును.

వీనిలో నిస్సంశయముగా ఇంటికి తేదగినవి కొన్ని గలవు. మొదటిది అట్ట. పొడిగా, మరకలు లేక, వాసన లేక యున్న అట్టపెట్టెలను విప్పి, ఒకదానిపై నొకటి మైదాబంకతో అంటించి బరువు పెట్టినచో రెండు దినములలో చెక్కవలె గట్టిపడును. కొలువు మెట్లకును, పిల్లల బొమ్మరిండ్లకును ఇంతకన్న మంచి సరకు లేదు. బంకలో కొంచెము పసుపు, వేపాకు రసము కలిపినచో పురుగు త్వరగా పట్టదు. రెండవది నూలుకోనులు. ఇవి గట్టి అట్టతో చేసినవి. రంగుకాగితము చుట్టి దీపపు గూళ్ళుగను, బొమ్మల టోపీలుగను చేసికొనవచ్చును. దీపపు గూటిలో విద్యుద్దీపమునే పెట్టవలెను గాని నూనెదీపము పెట్టరాదు. మూడవది మగ్గపు గుడ్డల అంచుముక్కలు, నూలుతుక్కు. మన అవ్వలు పాతచీరలతో బొంతలు కుట్టిన నేర్పు మనకు మిగిలియున్నచో ఈ ముక్కలతో బొంతలు, కాలిపట్టాలు, దిండ్లు ఎన్నియైన చేయవచ్చును. తెచ్చిన వెంటనే వేడినీటిలో ఉప్పు వేసి నానబెట్టి, ఎండలో ఆరవేయవలెను. రంగు పలుమారులు వదలు గుడ్డను పసిపిల్లల పక్కలకు వాడరాదు. యంత్రములు తుడిచిన గుడ్డలు నూనెమరకలతో నుండును. అవి ఈ మూటలలో కలిసి వచ్చుచుండును గనుక మూట విప్పి చూచియే కొనవలెను.

నాల్గవది చెక్క. సరకు మోయు పీటలు సాధారణముగా పైను చెక్కతో చేసినవగుటచే తేలికగా నుండి మేకునకు చక్కగా లొంగును. పుస్తకముల అలమార, కుండీల మెట్లు, పొట్టిపీట మున్నగునవి వడ్రంగి సహాయముతో ఒక దినమున చేయించుకొనవచ్చును. ఐతే ఇచ్చట ఒక రహస్యము కలదు. విదేశములకు పోవు, విదేశములనుండి వచ్చు పీటలపై గోధుమకంకి బొమ్మతో ఒక ముద్ర కాల్చియుండును. దానిలో దేశపు గుర్తుతోపాటు, చెక్కలోని పురుగును ఏ విధమున చంపిరో తెలుపు రెండక్షరములుండును. హెచ్.టి. యని యున్నచో చెక్క నడిమిభాగము వఱకు 56 డిగ్రీల వేడిమి తగులునట్లు 30 నిమిషములు కాచిరని యర్థము. ఇది ఇంటికి తగినది. ఎం.బి. యని యున్నచో మిథైల్ బ్రోమైడు అను విషవాయువును పట్టించిరని యర్థము. దానిని విడిచిపెట్టుటయే మేలు. ముద్ర మంచిదైనను చెక్కపై రంగుమరకలో, నూనెమరకలో యున్నచో దానిపై ఏ పీపా ఒలికినదో ఎవ్వరెరుగుదురు? పెక్కు పీటలుండగా మరకలేనిదానిని ఏరుకొనుట కష్టము కాదు.

ఐదవది రంపపుపొట్టు. సిద్దిపేట జిల్లాలోని చేర్యాల చిత్రకారులు నకాషీ పటములతోపాటు ముఖపు బొమ్మలను చేయుటలో ప్రసిద్ధులు. వారు రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి ఆ బొమ్మలను దిద్దుదురు. మనమును చేయవచ్చును. చింతగింజలను నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి, నీరు పోసి సన్నని సెగపై చిక్కబడువఱకు కలియబెట్టవలెను. చల్లారిన పిమ్మట జల్లించిన రంపపుపొట్టును కొద్దికొద్దిగా కలిపి చపాతిపిండివలె చేసినచో పిల్లలు ఎట్టి బొమ్మనైనను చేయగలరు. నీడను ఆరనిచ్చి, సుద్ద పూసి, రంగు వేయవచ్చును. కావలసినది మామూలు కలప కోసిన పొట్టు. ప్లైవుడ్డు మున్నగు అతుకుచెక్కల పొట్టులో రసాయనిక జిగురుండును గనుక అది పిల్లల చేతికి ఇయ్యరాదు. కోతమిల్లులో అడిగినచో ఏ కలపపొట్టో చెప్పుదురు.

ఇక విడువవలసిన వానిని గూర్చి చెప్పవలెను. ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశమిదియే.

నీలిపీపా యొద్ద నిలిచి "ఇందులో ముందేమి వచ్చెనయ్యా?" యని యడిగినచో కొట్టువాడు నవ్వుమొగముతో, "గిండ్ల ఏముండెనో మాకేం తెల్సమ్మా, సబ్బు పెట్టి కడిగినం. నీళ్లకు మంచిగుంటది, తీస్కపో" యనును. వాడు మోసగాడు కాడు. వానికిని నిజముగ తెలియదు. తెలియకపోవుటయే మన భయమునకు కారణము. ఈ పీపాలు దట్టమగు పాలిథీను జాతి ప్లాస్టిక్కుతో చేసినవి. అది ఇత్తడివలె, గాజువలె పైపైన మాత్రమే తడియునది కాదు. కొన్ని రసాయనిక ద్రావకములు దాని గోడలోనికే ఇంకిపోవును. వెలుపల ఎంత తోమినను లోన ఇంకినది పోదు. పిమ్మట మనము పోసిన నీటిలోనికి అది మెల్లమెల్లగా దిగివచ్చును. రంగు లేదు, రుచి లేదు గదా యని ధైర్యపడుటకు వీలులేదు. ప్రతి విషమును నాలుకకు తెలియవలెనను నియమము లేదు.

అపాయకరమైన వ్యర్థములను గూర్చి 2016లో భారతప్రభుత్వము చేసిన నిబంధనలలో, రసాయనములతో మైలపడిన ఖాళీపీపాలను, డబ్బాలను, లోని ప్లాస్టిక్కు పొరలను అపాయకర వ్యర్థముల పట్టికలోనే చేర్చిరి. వానిని శుద్ధి చేయుటకు అనుమతి పొందినవారికే కర్మాగారములు ఇయ్యవలెను. ఆ దారి తప్పి బాటప్రక్క కొట్టునకు వచ్చిన పీపా చౌకగా దొరకుట వింతకాదు. దానిని శుద్ధి చేయుటకు కావలసిన ఖర్చు ఎవరో ఎగవేసిరి. ఆ ఖర్చును వేరొకరు తమ దేహముతో చెల్లింతురు. ఒట్టిచేతులతో, చీరచెంగు ముక్కునకు అడ్డముపెట్టుకొని పీపాలు కడుగు కూలిస్త్రీ మొదట చెల్లించును. ఆ కడిగిన నీరు కాలువలో బడి ఏ చెరువులోనో చేరును గనుక ఆ చెరువు పశువులు చెల్లించును. కొన్న గృహిణి బిడ్డలు చివరకు చెల్లింతురు.

ఇది ఊహించి చెప్పుమాట కాదు. పటాన్‌చెరువు ప్రాంతపు కర్మాగారముల మురికినీరు నక్కవాగున బడి మంజీరానదికి చేరుచున్నదను మొర 1990లో సర్వోన్నత న్యాయస్థానము వఱకు పోయినది. తమ చెరువులు, బావులు, పొలములు చెడిపోయెనని పల్లెలవారు ఏండ్ల తరబడి పోరాడిరి. 2007లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞులు ఇచ్చటి మురికినీటి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించి, దానిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నదని ప్రకటించిరి. వైద్యుడు చీటి వ్రాసి ఇయ్యవలసిన మందు వాగునీటిలో పారినదన్నమాట. ఇట్టి చోట మంచినీరు దొరకక బండి నీటికై ఎదురుచూచు తల్లి, ఆ నీటిని నింపుటకు రసాయనపు పీపానే కొనుట చూచినచో ఎవరికైన గుండె కలుక్కుమనును.

పీపాతోపాటు విడువవలసినవి మరికొన్ని గలవు. ప్రయోగశాలల గోధుమరంగు గాజుసీసాలు చూచుటకు అందముగా నుండును. ఊరగాయకు బాగుండునని తోచును. ఆ తలంపు వలదు. మందుల పొడులు వచ్చు అట్టపీపాలు బియ్యమునకు సరిగా సరిపోవునట్లుండును. అవియు వలదు. ఒక పిడికెడు పొడి మూలలందు నిలిచియున్నను మనకు కనబడదు. సరకు నింపు పెద్ద జంబోసంచులను ధాన్యము ఆరబోయుటకు పరచు వాడుక గలదు. వానిలో ఏమి వచ్చినదో సంచిపై వ్రాసియుండును. వ్రాత గీకివేసినచో కొనరాదు. అన్నిటికన్న రంగుపొడుల విషయమున జాగ్రత్త యవసరము. బతుకమ్మకు గునుగుపూలను రంగులలో ముంచుట మన యాచారము. పండుగదినములలో చౌకగా దొరకునని పేరు తెలియని కర్మాగారపు రంగును తెచ్చినచో, పూవు పేర్చిన చేతులే కాదు, బతుకమ్మను సాగనంపిన చెరువును చెడును. ఆ రంగు కిరాణాకొట్టులో ముద్రవేసిన పొట్లముగనే కొనవలెను. లేదా గునుగును తెల్లగనే యుంచి, తంగేడు, బంతి, కట్ల పూలతో వన్నె తేవలెను.

పాశమైలారము పేరు దేశమంతట వినబడిన దినము 2025 జూన్ 30. నాడు ఉదయమున ఒక మందుల ముడిసరకు కర్మాగారమున జరిగిన ప్రేలుడులో 40మందికి పైగా పనివారు మరణించిరి. అచ్చట చేయు పొడి విషము కాదు. చెట్టుగుజ్జునుండి తీసిన సెల్యులోజు అది; మనము మ్రింగు మాత్రలు విరిగిపోక నిలుచుటకు కలిపెడు తెల్లనిపొడి. ఐనను మిక్కిలి సన్ననై గాలిలో లేచిన యే సేంద్రియపు పొడియైనను, పిండి గాని, చక్కెర గాని, రంపపుపొట్టు గాని, నిప్పు తగిలినచో ప్రేలగలదు. కాబట్టి పొట్టు జల్లించునపుడు ఆరుబయట, పొయ్యికి దూరముగా జల్లింపవలెను. ఇంకొక మాటయు ఇచ్చట చెప్పక తీరదు. తలనొప్పికి వేసికొను మాత్ర, దానిని చుట్టిన రేకు, అది వచ్చిన పెట్టె, అన్నియు ఎవరి చేతులమీదుగానో వచ్చినవే. ఒడిస్సానుండియో బీహారునుండియో వచ్చి ఈ బాటను నడచిన ఆ చేతులను, వస్తువును తక్కువ వెలకు బేరమాడునపుడు ఒక్కసారి స్మరించుట మనకు ధర్మము.

కొట్టు ముందు నిలిచినపుడు నాలుగు ప్రశ్నలు గుర్తుంచుకొనినచో చాలును. ఇందులో ముందేమి యుండెను? పైని చీటి యున్నదా, చింపివేసిరా? మూత తీసి చేతితో గాలిని ముక్కువైపు త్రోసినపుడు వాసన గలదా? ఇది అన్నమునకో, నీటికో, పసిబిడ్డ నోటికో తగులునా? మొదటి ప్రశ్నకు బదులు రాక, నాల్గవదానికి "తగులును" అని బదులు వచ్చినచో వెనుకకు తిరుగవలెను. వాసన లేకున్నంత మాత్రమున వస్తువు మంచిదని తలచరాదు. వాసన యున్నచో చెడ్డదనుట మాత్రము నిశ్చయము. మొక్కల తొట్టికైన పనికిరాదా యని యడుగుదురేమో. కరివేపాకును, పుదీనాను తినువారము మనమే గదా! మన్నులోనికి దిగినది ఆకులోనికి ఎక్కవచ్చును. తొట్లకు కుమ్మరి కుండీలే శ్రేష్ఠము.

ఇచ్చట విడిచినవానికి హైదరాబాదున తావులు గలవు. నీటికిని, బియ్యమునకును క్రొత్తపాత్రలు బేగంబజారున టోకుగను, చిల్లరగను దొరకును. ప్లాస్టిక్కుదైనచో అడుగున గ్లాసు, ఫోర్కు బొమ్మ గలదానిని అడిగి తీసికొనవలెను. ఆహారమునకు తగినదని ఆ బొమ్మ భావము. మేకులు, మరలు, త్రాళ్ళు, రబ్బరు సామాను వంటివి సికిందరాబాదు రాణీగంజులోను, విద్యుద్దీపముల సామాను ట్రూపుబజారులోను వెదకవలెను. లేసులు, గుండీలు, కుట్టుదారములు సికిందరాబాదు జనరలుబజారున దొరకును. చార్మినారు చెంతనున్న లాడ్‌బజారు లక్కగాజులకు పేరొందినది; 2024లో హైదరాబాదు లక్కగాజులకు భౌగోళికగుర్తింపును వచ్చినది. పూసలు, తళుకులు, జరీపట్టెడలు కావలసినవారు ఆ వీథికే పోవుదురు. నలుగురైదుగురు స్త్రీలు కలిసి జాబితా వ్రాసికొని నెలకొకమారు పోయినచో బండిఖర్చు పంచుకొనవచ్చును, టోకువెలయు దొరకును.

మన ప్రాంతపు పనివాండ్రకు ఈ వివేకము క్రొత్తది కాదు. నిర్మల బొమ్మలవారికి పొనికిచెక్క ఏ యడవిదో తెలియును. కలంకారీ అద్దువారికి కరక్కాయ మంచిచెడ్డలు తెలియును. ఇదే రహదారిని పశ్చిమముగా పోయి జహీరాబాదు దాటి బీదరు చేరినచో, అచ్చటి బిద్రీ పనివారు వెండిపొదిగిన పాత్రకు నలుపు తెచ్చుటకై తమ కోటలోని మట్టినే యేరి తెచ్చుకొందురు. మట్టి యెక్కడ లేదు? ఐనను ఆ మట్టియే కావలెనందురు. వస్తువు పుట్టుక తెలిసినవారి చేతిలోనే పని పండునని వారి నమ్మిక. వరునికి బిడ్డ నిచ్చునపుడు ఇంటిపేరు, వంశము విచారించు మనము, బిడ్డలు త్రాగు నీటిపాత్రకు ఆపాటి విచారణయైన చేయకుండుట న్యాయమా?

పాశమైలారపు బాటకు పోవలదని చెప్పుట నా యుద్దేశము కాదు. పోవుడు, అట్టలు తెచ్చుకొనుడు, చెక్క తెచ్చుకొనుడు, గుడ్డముక్కలు మూటగట్టుకొనుడు. ఆ కుప్పలలో మన నేర్పునకు తగిన సరకు కొల్లలుగా గలదు. నీలిపీపా యొద్దకు వచ్చినపుడు మాత్రము కొంగు బిగించి, "ముందేమి యుండెను?" అని యడుగుడు. బదులు చెప్పలేని పీపాలు అమ్ముడుపోనినాడు కొట్టువాడు వానిని తెచ్చుటయే మానును. చట్టము వ్రాసినవారు ఢిల్లీలో నుందురు. ఆ చట్టమును బాటప్రక్క కొట్టులో అమలుపరచగలవారు కొనువారు. మన యిండ్లలో కొనువారము మనమే.